బెంగళూరులో తెలుగు కూలీల పింఛను: అరవై వచ్చేలోపు సరిచేసుకోవాల్సిన లెక్కలు

మారతహళ్లి, కేఆర్ పురం, హెబ్బాళ వైపు కట్టే అపార్టుమెంట్లలో బేల్దార్లు, సెంట్రింగ్ పనివాళ్లు. పీణ్య, బొమ్మనహళ్లి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో టైలర్లు. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు. వీళ్లలో అనంతపురం, సత్యసాయి, కర్నూలు, చిత్తూరు, పాలమూరు జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది. ఊరు ఊడ్చే పౌరకార్మికుల్లో తరాల కిందట వచ్చి స్థిరపడ్డ తెలుగు దళిత కుటుంబాలు ఎన్నో. ముప్పై ఏళ్లు ఒళ్లు వంచి పనిచేశాక వీళ్లలో ఎక్కువమంది చేతికి పింఛను రాదు. పథకాలు లేక కాదు. పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉండటం వల్ల, చేసిన రోజులు ఎక్కడా నమోదు కాకపోవడం వల్ల, ఆధార్‌కు కట్టిన ఫోన్ నంబరు పోవడం వల్ల, ఏ రాష్ట్రంలో ఉన్నామన్నది తేలకపోవడం వల్ల రాదు. ఈ నాలుగూ యాభై ఎనిమిదో ఏట సరిచేయాలంటే ఏళ్లు పడుతుంది. ముప్పై ఐదో ఏట అయితే నాలుగైదు సెలవు రోజుల పని.

ముందు పేరు, పుట్టిన తేదీ

తెలుగువాళ్లకు బెంగళూరులో వచ్చే మొదటి చిక్కు ఇంటిపేరు. ఊళ్లో ఆధార్ తీసినప్పుడు ఇంటిపేరు ముందు రాస్తారు: కురువ ఆంజనేయులు. ఇక్కడ కాంట్రాక్టరు ఆఫీసులో ఇంటిపేరును ఒక అక్షరం చేసి చివర పెడతారు: ఆంజనేయులు కె. బ్యాంకులో కన్నడ గుమాస్తా ఆంజినప్ప అని రాసుకుంటాడు. లక్ష్మీదేవి కాస్తా లక్ష్మీదేవమ్మ అవుతుంది. మనిషి ఒక్కడే అయినా కంప్యూటరుకు ముగ్గురు. పీఎఫ్ క్లెయిములు తిరిగి రావడానికి పెద్ద కారణాల్లో ఇది ఒకటి.

ఒక ఆదివారం కూర్చుని ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, పీఎఫ్ పాస్‌బుక్, లేబర్ కార్డు, రేషన్ కార్డు పక్కపక్కన పెట్టండి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చండి. తేడా ఉంటే మిగతావన్నీ ఆధార్‌కు సరిపోయేలా మార్చుకోండి, ఆధార్‌ను వాటికోసం మార్చొద్దు. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు. ఆ ఒక్క అవకాశాన్ని పిల్లల స్కూలు కోసమో, లోన్ కోసమో వాడేస్తే అరవై దగ్గర పడ్డప్పుడు దారి మూసుకుంటుంది.

చాలామంది ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది, లేదా సంవత్సరం ఒక్కటే ఉంటుంది. నమోదు చేసినవాళ్లు అందాజుగా వేసిన వయసది. నిజంగా అరవై నిండిన మనిషికి కార్డులో యాభై నాలుగు ఉంటే ఆరేళ్ల పింఛను పోయినట్టే. స్కూలు సర్టిఫికెట్టు గాని, పుట్టిన సర్టిఫికెట్టు గాని ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఒకసారి మార్చాక మళ్లీ తప్పు తేలితే రేస్ కోర్స్ రోడ్డు ఖనిజ భవనంలోని ఆధార్ ప్రాంతీయ కార్యాలయం దాకా పోవాల్సిన పని పడుతుంది. ఇంకో సంగతి: పీఎఫ్ ఆఫీసు 2024 జనవరి నుంచి పుట్టిన తేదీకి ఆధార్‌ను రుజువుగా తీసుకోవడం మానేసింది. అందుకే అసలు సర్టిఫికెట్టు ఊళ్లో పెట్టెలో ఉంటే తెచ్చి లామినేషన్ చేయించి పెట్టుకోండి.

ఫోన్ నంబరు గురించి ఒక్క మాట. రీచార్జ్ చేయలేక సిమ్ పోయి, ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతే ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి. ఆధార్‌లో నంబరు మార్చడానికి కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర చాలు. మేస్త్రీ నంబరు, సైబర్ సెంటర్ అబ్బాయి నంబరు ఎప్పుడూ ఇవ్వొద్దు.

పీఎఫ్ కట్ అవుతుంటే

20 మంది, అంతకు మించి పనిచేసే చోట నెల జీతం 15,000 లోపు ఉన్నవాళ్లకు పీఎఫ్ కట్టడం యజమాని బాధ్యత. గార్మెంట్లు, సెక్యూరిటీ ఏజెన్సీలు, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్లు, చెత్త తీసే కాంట్రాక్టర్లు అందరూ ఇందులోకి వస్తారు. మీ జీతంలో 12 శాతం మీది, మరో 12 శాతం యజమానిది. యజమాని ఇచ్చే దాంట్లో 8.33 శాతం పింఛను ఖాతాకు, మిగిలిన 3.67 శాతం పీఎఫ్‌కు పోతుంది.

14,000 జీతం మీద లెక్క చూడండి. మీ నుంచి 1,680, యజమాని నుంచి 1,680. యజమాని వాటాలో సుమారు 1,166 పింఛనుకు, 514 పీఎఫ్‌కు. అంటే నెలనెలా మీ పీఎఫ్‌లో 2,194 చేరాలి, పింఛను కాలమ్‌లో 1,166 కనిపించాలి. పాస్‌బుక్‌లో ఈ రెండూ కనిపించకపోతే ఎక్కడో తేడా జరుగుతోంది. కొందరు కాంట్రాక్టర్లు రెండు వాటాలూ, అంటే 3,360, కూలీ జీతంలోంచే కోస్తారు. అది చట్టవిరుద్ధం. ఇంకొందరు నెలంతా పనిచేయించుకుని పదిహేను రోజులే చూపిస్తారు. మిగతా రోజులు పనిలేని రోజులుగా పడి పింఛను సర్వీసులోంచి తగ్గిపోతాయి.

చూసుకోవడం కష్టమేమీ కాదు. మీ 12 అంకెల యూఏఎన్ నంబరు (ఉద్యోగాలు మారినా మారని పీఎఫ్ నంబరు) జీతం చీటీ మీద ఉంటుంది, లేకపోతే సూపర్‌వైజర్‌ను అడిగి రాసుకోండి. రిజిస్టరైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే చివరిగా పడ్డ డబ్బు, మొత్తం నిల్వ మెసేజ్‌లో వస్తాయి. పూర్తి లెక్క ప్రభుత్వ యాప్ ఉమంగ్‌లో ఉంటుంది. మూడు నెలలకోసారి చూడండి. పదేళ్ల తర్వాత చూస్తే కాంట్రాక్టరు ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. పింఛను రావాలంటే మొత్తం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఒకే చోట అక్కర్లేదు. మూడేళ్లు గార్మెంట్స్, నాలుగేళ్లు హౌస్‌కీపింగ్, ఇంకో మూడేళ్లు మరోచోట చేసినా అన్నీ ఒకే యూఏఎన్ కింద కలిస్తే పదేళ్లే. 58 నిండాక వచ్చే నెల పింఛనుకు లెక్క ఇది: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. 14,000 జీతమైతే ప్రతి ఏడాది సర్వీసూ నెలకు 200 రూపాయల పింఛనుతో సమానం. పదేళ్లకు 2,000. 58 దాకా ఇరవై ఏళ్లు నిండితే ఇంకో రెండేళ్లు కలుపుతారు కాబట్టి 4,400. లెక్కలో ఎంత తక్కువ వచ్చినా పింఛనుదారుకు 1,000కి తగ్గకూడదన్నది 2014 సెప్టెంబరు నుంచి ఉన్న నియమం.

ఈ పదేళ్లు నిండకుండా పోయేది ఎక్కడంటే, ఉద్యోగం మానాక సైబర్ సెంటర్‌లో. మనిషికి డబ్బు అవసరం, అక్కడి అబ్బాయి ఫారం 19, ఫారం 10సి రెండూ నొక్కేస్తాడు. ఫారం 19 అంటే పీఎఫ్ డబ్బు. ఫారం 10సి అంటే పింఛను డబ్బు. ఐదేళ్ల సర్వీసుకు 10సి కింద చేతికొచ్చేది సుమారు ఐదు నెలల జీతం, అంటే 70 వేల దగ్గర. దాని బదులు పోయేది 58 తర్వాత చనిపోయేదాకా నెలకు 1,000 రూపాయలు, పైగా ఆ ఐదేళ్ల సర్వీసే సున్నా అవుతుంది. తర్వాత చోట మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఇలా మూడుసార్లు తీసుకున్న మనిషి పదిహేనేళ్లు పనిచేసి కూడా పింఛను లేకుండా మిగులుతాడు.

అవసరం నిజమే, డబ్బు తీయొద్దని ఎవరూ చెప్పలేరు. 2016లో యజమాని వాటా 58 దాకా తీయడానికి వీల్లేదని కేంద్రం నియమం తెచ్చినప్పుడు బెంగళూరు గార్మెంట్ కార్మికురాళ్లు వేలమంది రోడ్లెక్కి దాన్ని వెనక్కి తీసుకునేలా చేశారు. పెళ్లికో, ఆసుపత్రికో, ఊళ్లో అప్పుకో ఆ డబ్బే వాళ్లకు దిక్కు. కాబట్టి తీసుకోవాల్సి వస్తే ఫారం 19 ఒక్కటే పెట్టండి, 10సి ముట్టుకోవద్దు. లేదా 10సిలోనే డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ కావాలని ఎంచుకోండి. ఆ సర్టిఫికెట్టు మీ సర్వీసును దాచి ఉంచుతుంది, తర్వాతి ఉద్యోగంలో కలుస్తుంది. కొత్త చోట వెంటనే చేరేవాళ్లు పాత యూఏఎన్ చెప్పి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవడమే అన్నిటికన్నా మంచిది. కొత్త కాంట్రాక్టరు "కొత్త నంబరు తీస్తాం" అంటే ఒప్పుకోవద్దు.

కాంట్రాక్టరు వెళ్లిపోయి మీరు మానిన తేదీ వేయకపోతే ట్రాన్స్‌ఫర్, క్లెయిమ్ రెండూ ఆగుతాయి. చివరిగా డబ్బు పడ్డ నెల నుంచి రెండు నెలలు గడిచాక పీఎఫ్ పోర్టల్లో మీరే ఆ తేదీ వేసుకోవచ్చు. చాలామందికి ఇది తెలియక పాత ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఫిర్యాదు ఉంటే 14470కు ఫోన్ చేయండి, పీఎఫ్ ఫిర్యాదుల వెబ్‌సైట్ ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో రాసి ఫిర్యాదు నంబరు దాచుకోండి. నెలనెలా 27వ తేదీన పీఎఫ్ ఆఫీసు వాళ్లే జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' పేరుతో శిబిరం పెడతారు. కాగితాలు చేత్తో పట్టుకెళ్లి అధికారికి చూపించడానికి అది మంచి చోటు. కాంట్రాక్టరు పేరు, సైట్ పేరు, అసలు కంపెనీ పేరు మూడూ రాసుకుని వెళ్లండి. కాంట్రాక్టరు కట్టకపోతే పని ఇచ్చిన అసలు కంపెనీ బాధ్యత పడాలి.

భర్త చనిపోయినప్పుడు ఎక్కువగా పోగొట్టుకునే హక్కు ఒకటుంది. ఉద్యోగంలో ఉండగా చనిపోతే, పింఛను ఖాతాలో ఒక్క నెల డబ్బు పడి ఉన్నా భార్యకు వితంతు పింఛను వస్తుంది. పదేళ్ల షరతు ఇక్కడ లేదు. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా పింఛను ఉంటుంది. దీనితోపాటు పీఎఫ్ సభ్యులకు ఉండే ఈడీఎల్ఐ జీవిత బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా రావచ్చు. కాంట్రాక్టరు అంత్యక్రియల ఖర్చు ఇచ్చి పంపేస్తే కుటుంబం అంతటితో ఊరుకుంటుంది. అడగాల్సింది మరణానంతర క్లెయిమ్ ఫారం. ఇందుకోసం డబ్బు ఎవరికి చెందాలో పీఎఫ్ పోర్టల్లో పేరు రాసే ఈ-నామినేషన్ బతికుండగానే చేసి ఉండాలి. పెళ్లికాక ముందు తల్లి పేరు పెట్టినవాళ్లు పెళ్లయ్యాక మార్చాలి.

పీఎఫ్‌తో పాటు ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కూడా కట్ అయినవాళ్లకు ఇంకొకటి. కనీసం ఐదేళ్లు ఈఎస్ఐలో ఉండి వయసు నిండి రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. రాజాజీనగర్, ఇందిరానగర్, పీణ్య ఈఎస్ఐ ఆసుపత్రులకు అలవాటు పడ్డవాళ్లకు ముసలితనంలో ఇంతకన్నా చవకైన వైద్యం లేదు. ఒకేచోట ఐదేళ్లు నిండితే, మానేటప్పుడు యజమాని ఒకేసారి ఇవ్వాల్సిన గ్రాట్యుటీ కూడా అడగండి: నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణిస్తే వచ్చే మొత్తం. 14,000 మీద ఐదేళ్లకు 40 వేలకు పైనే. నాలుగున్నరేళ్లకు మానేసేవాళ్లు ఇది చూసుకుని మానండి.

కట్టడం పనిలో ఉన్నవాళ్లకు లేబర్ కార్డు

బేల్దారి, సెంట్రింగ్, కడ్డీ కట్టడం, పెయింటింగ్, ప్లంబింగ్, టైల్స్, మట్టి మోసే పని - ఏది చేసినా కర్ణాటక కట్టడ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. వయసు 18 నుంచి 60 లోపు, గడిచిన 12 నెలల్లో 90 రోజుల పని ఉండాలి. మీరు వేరే రాష్ట్రం వాళ్లయినా పని ఇక్కడ చేస్తే ఇక్కడే నమోదు. భవనం కట్టేవాళ్ల నుంచి వసూలు చేసే 1 శాతం సెస్సుతో ఈ నిధి నడుస్తుంది, ఎవరి దయా కాదు. అరవై నిండిన సభ్యులకు ఇక్కడ నెలకు 3,000 పింఛను ఉంది.

షరతు ఏమిటంటే, అరవై నిండే రోజుకు ముందు వరుసగా కనీసం మూడేళ్లు సభ్యులై ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. 59లో కార్డు తీసుకుంటే పింఛను రాదు. 45లో తీసుకుని 57లో రెన్యువల్ మరిచిపోతే కూడా రాదు. ఏడాది పాటు చందా కట్టకపోతే సభ్యత్వమే పోతుంది, కారణం చూపించి తిరిగి పొందే వీలున్నా అప్పటికి వరుస తెగి ఉండొచ్చు. కార్డు మీది చెల్లుబాటు తేదీని ఇంటి గోడ మీద రాసుకోండి.

నమోదు ఆన్‌లైన్‌లో, లేదా దగ్గర్లోని బెంగళూరు వన్ కేంద్రంలో. కావాల్సినవి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటో, 90 రోజుల పని సర్టిఫికెట్టు. ఈ సర్టిఫికెట్టు దగ్గరే దళారులు పుట్టుకొస్తారు. యజమాని లేదా కాంట్రాక్టరు ఇవ్వొచ్చు, రిజిస్టరైన కార్మిక సంఘం ఇవ్వొచ్చు, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టరు ఇవ్వొచ్చు. డబ్బిచ్చి ఎవరి సంతకమో పెట్టించుకుంటే బోగస్ కార్డుల ఏరివేతలో మీ నిజమైన కార్డూ పోతుంది. సైట్లో ఫోటో, హాజరు పుస్తకం పేజీ ఫోటో, మేస్త్రీ ఫోన్ నంబరు ఫోన్లో దాచుకోండి. విచారణకు పిలిస్తే అవే సాక్ష్యం. సందేహాలకు కార్మిక సహాయవాణి 155214, ఆఫీసు డెయిరీ సర్కిల్ దగ్గర బన్నేరుఘట్ట రోడ్డు కల్యాణ సురక్షా భవనం.

భార్యాభర్తలిద్దరూ సైట్లో పనిచేస్తుంటే ఇద్దరికీ వేర్వేరు కార్డులు తీయండి. భర్తకు కార్డు ఉంది కదా అని భార్యది వదిలేస్తారు. ఇటుకలు మోసిన ఆమె పని కూడా 90 రోజుల లెక్కలోకి వస్తుంది, ఆమెకూ 3,000 రావాలి.

పీఎఫ్ లేనివాళ్లు: నెలనెలా కట్టే రెండు పథకాలు

ఇళ్లల్లో పనిచేసేవాళ్లకు, తోపుడు బండివాళ్లకు, ఆటోవాళ్లకు పీఎఫ్ రాదు. వయసు 40 దాటకపోతే రెండు దారులున్నాయి.

ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ 2019 నుంచి ఉంది. నెల ఆదాయం 15,000 లోపు ఉండి, పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లకు. అరవై తర్వాత నెలకు 3,000. మీరెంత కడితే కేంద్రమూ అంతే కడుతుంది. 18 ఏళ్లకు చేరితే నెలకు 55, 30కి 105, 35కి 150, 40కి 200. సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్) కేంద్రంలో ఆధార్, బ్యాంకు పాస్‌బుక్‌తో నమోదు చేస్తారు. పింఛనుదారు చనిపోతే భార్యకు లేదా భర్తకు సగం వస్తుంది, ఇద్దరూ పోయాక పిల్లలకు ఏమీ రాదు. పదేళ్లలోపు మానేస్తే మీరు కట్టింది మాత్రం సేవింగ్స్ వడ్డీతో తిరిగి వస్తుంది, ప్రభుత్వ వాటా రాదు.

అటల్ పెన్షన్ యోజన 2015లో మొదలైంది. 18 నుంచి 40 ఏళ్ల వాళ్లు, ఆదాయపు పన్ను కట్టనివాళ్లు బ్యాంకులోనో పోస్టాఫీసులోనో చేరవచ్చు. అరవై తర్వాత 1,000 నుంచి 5,000 దాకా మీరు ఎంచుకున్నంత పింఛను. 5,000 కావాలంటే 18 ఏళ్లవాళ్లు నెలకు 210, 25 ఏళ్లవాళ్లు 376, 30 ఏళ్లవాళ్లు 577, 35 అయితే 902, 40 అయితే 1,454 కట్టాలి. ఇందులో భార్యకు లేదా భర్తకు సగం కాదు, పూర్తి పింఛనే కొనసాగుతుంది. ఇద్దరూ పోయాక నామినీకి 5,000 పింఛనుకు 8.5 లక్షలు, 1,000 పింఛనుకు 1.7 లక్షలు వస్తాయి.

ముప్పై ఏళ్లామె 3,000 పింఛనుకు అటల్‌లో 347 కట్టాలి, శ్రమయోగిలో 105 చాలు. నెలకు వంద తీయడమే కష్టమైన ఇంటికి శ్రమయోగి నయం. పిల్లలకు ఏదో మిగలాలనుకునేవాళ్లకు, రేపు పీఎఫ్ ఉన్న ఉద్యోగం దొరుకుతుందనుకునేవాళ్లకు అటల్ మంచిది.

బ్యాంకు గుమాస్తా తన టార్గెట్ కోసం 1,000 పింఛనుకు రాసేస్తాడు, అడిగి చూసుకోండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే ముప్పై ఏళ్ల తర్వాతి 5,000 ఇవాళ్టి 870 రూపాయల పాటి. అప్పటి 1,000 ఇవాళ్టి 175 కూడా చేయదు. మొదట తక్కువ మొత్తంతో చేరినా ఏడాదికోసారి పెంచుకునే వీలుంది. వాడుకోండి.

ఈ రెంటిలోనూ డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఖాతాలో లేకపోతే అటల్‌లో ప్రతి 100కు నెలకు రూపాయి చొప్పున జరిమానా పడుతుంది, నెలలు గడిచేకొద్దీ ఆ బకాయి అంతా ఒకేసారి కట్ అయి మనిషి బెదిరిపోయి మానేస్తాడు. వారం కూలీ వచ్చే శనివారం తర్వాతి రోజుల్లో కట్ అయ్యేలా తేదీ చూసుకోండి, ఆ ఖాతాలో రెండు నెలల కిస్తీ ఎప్పుడూ ఉంచండి. ఊరికి పోయి మూడు నెలలు వ్యవసాయం చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. అటల్‌లో మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి కట్టే పద్ధతి కూడా ఉంది.

నలభై దాటితే

పై రెండు తలుపులూ మూసుకున్నట్టే. కట్టడం పని అయితే లేబర్ కార్డు ఉండనే ఉంది. మిగతావాళ్లు పోస్టాఫీసు చూడాలి. నెలకు 100 నుంచి ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్, ఏడాదికి కనీసం 500తో పదిహేనేళ్ల పీపీఎఫ్ ఉన్నాయి. పీపీఎఫ్‌లో డబ్బు అంత తేలిగ్గా బయటికి రాదు, ముసలితనం కోసం దాచేవాళ్లకు అదే మేలు. అరవై దాటాక ఊళ్లో సెంటు భూమి అమ్మినదో, పీఎఫ్ వచ్చినదో చేతిలో ఉంటే సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో వేసి మూడు నెలలకోసారి వడ్డీ తీసుకోవచ్చు.

చీటీ పింఛను కాదు. రిజిస్టరైన చీటీ అయినా అది అప్పుకు, పెళ్లికి పనికొచ్చేది. రిజిస్టర్ కాని వీధి చీటీలో ముసలివాళ్ల డబ్బు పెట్టొద్దు. ఎక్కువ వడ్డీ ఆశతో ఆంధ్రలో అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీలో, 2019లో బెంగళూరులో ఐఎంఏ అనే పెట్టుబడుల సంస్థలో పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది ఇలాంటి చిన్న పొదుపుల మనుషులే. ఐఎంఏలో పేద ముస్లిం కుటుంబాలు ఆడవాళ్ల నగలు కూడా అమ్మి పెట్టాయి. బ్యాంకు కన్నా రెండింతలు ఇస్తామన్నవాళ్లను మసీదు దగ్గర చెప్పినా, గుడి దగ్గర చెప్పినా నమ్మొద్దు.

ఏ రాష్ట్రంలో ముసలివాళ్లం అవుతాం?

దీన్ని యాభై ఐదేళ్లలోపే తేల్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పింఛను 2024 నుంచి నెలకు 4,000. అరవై నిండాలి, చేనేత, కల్లుగీత, మత్స్యకారులకు, గిరిజనులకు యాభైకే. తెలంగాణ ఆసరాలో 57 ఏళ్లకు 2,016. కర్ణాటకలో సంధ్యా సురక్ష 65 దాటినవాళ్లకు 1,200. ఒకే ఆధార్ మీద రెండు రాష్ట్రాల వృద్ధాప్య పింఛన్లు తీసుకోవడం కుదరదు.

తేడా చూస్తే ఆంధ్రవాళ్లకు ఊరి పింఛనే మేలు. కానీ పిల్లల స్కూలు కోసమో, గ్యాస్ కోసమో ఆధార్ చిరునామా బెంగళూరుకు మార్చి, ఇక్కడ రేషన్ కార్డు తీసుకుంటే ఊళ్లో సచివాలయం లెక్కలో మీరు ఉండరు. ఇంట్లో అందరి చిరునామా ఒకేసారి మార్చకండి. కొడుకు, కోడలు, పిల్లలు ఇక్కడి కార్డులోకి మారి, తల్లిదండ్రులు ఊళ్లో రైస్ కార్డులో విడిగా ఉండటం చాలా ఇళ్లకు సరిపోతుంది.

ఇలా విడగొట్టడానికి ఇంకో బలమైన కారణముంది. ఆంధ్రలో పింఛనుకు కుటుంబం మొత్తాన్ని చూస్తారు: ఆదాయం పల్లెల్లో నెలకు 10,000, పట్టణాల్లో 12,000 లోపు ఉండాలి, కరెంటు 300 యూనిట్లు మించకూడదు, నాలుగు చక్రాల బండి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వోద్యోగులు ఉండకూడదు. కొడుకు బెంగళూరులో సొంత కారు కొని, అతని పేరు తండ్రి రైస్ కార్డులోనే ఉంటే తండ్రి పింఛను ఆగుతుంది. టాక్సీ, ఆటో, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది. ఆగితే సచివాలయంలో ఏ కారణంతో ఆగిందో రాతపూర్వకంగా అడిగి, అది తప్పైతే దానికి సంబంధించిన కాగితంతోనే అర్జీ పెట్టండి. కారణం తెలియకుండా పెట్టిన అర్జీ మళ్లీ అదే కారణంతో తిరిగొస్తుంది.

మనవళ్లను చూసుకోవడానికి బెంగళూరులో ఉండే అవ్వాతాతలకు: పింఛను ఒకటో తేదీన ఇంటి దగ్గర ఇస్తారు. ఒకటి రెండు నెలలు తీసుకోకపోయినా తర్వాతి నెల వెళ్తే పాతవీ కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కేసి ఆపేస్తారు. కాబట్టి నెల విడిచి నెల, హిందూపురమో, మదనపల్లో, అనంతపురమో ఒకటో తేదీకి చేరేలా బస్సు, రైలు చూసుకోండి. మూడో నెలదాకా ఆగితే జ్వరం వచ్చినా, రైలు తప్పినా పింఛనే పోయే ప్రమాదం. భర్త పింఛను తీసుకుంటూ చనిపోతే భార్య మరణ ధ్రువపత్రంతో వెంటనే సచివాలయానికి వెళ్లాలి. ఆమెకు ఆ పింఛను మార్చే ఏర్పాటు ఉంది, ఆలస్యం చేయొద్దు.

వేలిముద్ర, ఏటేటా బతికున్న రుజువు

సిమెంటు, సున్నం, బట్టల సోడా వేలి గీతలను తినేస్తాయి. ముప్పై ఏళ్లు సిమెంటు కలిపిన చేతులకు మిషన్ మీద వేలిముద్ర పడదు. యాభై దాటాక ఒకసారి ఆధార్ సేవా కేంద్రంలో పది వేళ్లూ, కంటిపాప మళ్లీ తీయించండి. వేలు పడకపోతే కంటిపాపతోనో, ముఖం చూపించో తీసుకోమని గట్టిగా అడగండి, ఆ వీలు ఉంది. పింఛను తీసుకునే వారం ముందు నుంచి చేతులకు రాత్రిపూట కొబ్బరినూనె రాసి, మిషన్ ముందు మాత్రం సబ్బుతో కడిగి తుడుచుకుని పెడితే పడే అవకాశం పెరుగుతుంది.

పీఎఫ్ పింఛను వాళ్లు ఏడాదికోసారి జీవన్ ప్రమాణ్ (బతికున్నట్టు ఆన్‌లైన్ రుజువు) ఇవ్వాలి. అది ఇచ్చిన తేదీ నుంచి ఏడాది చెల్లుతుంది. స్మార్ట్‌ఫోన్‌లో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు, పోస్ట్‌మ్యాన్‌ను పిలిపించుకున్నా చేస్తాడు. 2025 జనవరి నుంచి పీఎఫ్ పింఛను దేశంలో ఏ బ్యాంకు ఖాతాకైనా పడుతుంది. బెంగళూరు వదిలి ఊరికి వెళ్లేవాళ్లు పింఛను కోసం ఇక్కడి బ్యాంకు ఖాతాను పట్టుకుని ఉండాల్సిన పని లేదు, ఊళ్లో ఖాతా నంబరు ఇవ్వండి. యూఏఎన్ నంబరు, స్కీమ్ సర్టిఫికెట్టు, లేబర్ కార్డు, అటల్ పింఛను ఖాతాకు ఇచ్చే ప్రాన్ నంబరు, నామినీ వివరాలు ఒక్క కాగితం మీద రాసి, ఒక ప్రతి ఊళ్లో, ఒక ప్రతి ఇక్కడ పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో భార్యకు, పెద్ద బిడ్డకు చూపించండి.